ముందు పాత జిడ్డు, తర్వాతే నూనె చుక్క

కోడలు పిల్లా,

ముందు ఆ కొబ్బరినూనె సీసా తీసి లోపల పెట్టెయ్యి. "నాలుగు చుక్కలు వేసి చూద్దామా మామయ్యా" అని ఫోనులో నువ్వు అన్నప్పట్నుంచీ నాకు స్థిమితం లేదు. తలకి అది మంచిదే, గ్రామఫోను మోటారుకి మాత్రం పనికిరాదు. కొబ్బరినూనే కాదు, ఆముదమైనా, నువ్వులనూనైనా, గింజలోంచి గానుగ పట్టిన ఏ నూనైనా అంతే. వేసిన రోజున బ్రహ్మాండంగా తిరుగుతుంది. గాలి తగిలి తగిలి కొన్నాళ్లకి బంకవుతుంది. ఆ బంక వదిలించుకోవడం తుప్పు వదిలించుకోవడం కన్నా కష్టం. మా కొట్లో కుట్టు మిషన్లు బాగుచేసిన రోజుల్లో సగం మిషన్లు అరిగిపోయి కాదు, ఇంట్లో వాళ్లు ఏది చేతికందితే అది పోసి బిగుసుకుపోయేలా చెయ్యడం వల్ల వచ్చేవి.

మీ ఆయన కొనుక్కొస్తానన్న తుప్పు స్ప్రే కూడా వద్దను. బిగుసుకున్న నట్టు వదులు చెయ్యడానికి అది మంచి వస్తువే, కాదనను. కానీ ఆరిపోయాక కందెనగా మిగిలేది అంతంతమాత్రం. పైగా అది లోపలి పాత గ్రీజుని కరిగించి, ఆ నల్లటి నీళ్లని జారకూడని చోటికి జారుస్తుంది.

నువ్వు పంపిన ఫొటోలు పెద్దవి చేసి చూశాను. నల్ల గుడ్డ అంటించిన పెట్టె, మూతలో కుక్క బొమ్మ, రికార్డులు పెట్టుకునే అర, క్లిప్పులో ఇరికించిన హ్యాండిలు. అది హెచ్.ఎం.వి. 102. 1931లో వచ్చిన మోడలు. పాతికేళ్లకు పైగా అమ్మారు కాబట్టి మన ఇళ్లలో అటకల మీద దొరికే కుక్క బొమ్మ పెట్టెల్లో చాలావరకు ఇదో, దీనికి ముందొచ్చిన 101 మోడలో అయి ఉంటాయి. మీ అత్తగారింటి అటక మీద ఇన్నేళ్లు పడి ఉన్నా తుప్పు పెద్దగా పట్టలేదంటే నీ అదృష్టం. మా కాకినాడ ఉప్పుగాలికైతే ఈపాటికి మరలు తలలు లేకుండా పోయేవి.

కొమ్ము లేదని చిన్నబుచ్చుకున్నావట. కొమ్ము ఉంది, పెట్టె లోపలే మోటారు పక్కనుంచి వంపు తిరిగి వెనకవైపు తెరుచుకుంటుంది. అందుకే పాట వేసేటప్పుడు మూత ఎత్తి ఉంచాలి, శబ్దం దానికి తగిలి నీ వైపు వస్తుంది. మీ హైదరాబాదు జుమ్మేరాత్ బజారులో తళతళలాడే ఇత్తడి కొమ్ముతో ఇంకోటి కొందామని మీ ఆయన సరదా పడుతున్నాడని విన్నాను. అవి చాలావరకు ఈమధ్య చేసిన చెక్కపెట్టెలు, కొత్త ఇత్తడి కొమ్ములు. లోపలికి చూస్తే నీ దగ్గరున్నలాంటి పెట్టెలోంచి పీకిన మోటారే కనపడుతుంది. ఒక మంచి పెట్టెని చంపి ఒక బొమ్మని చేశారన్నమాట. హాల్లో అలంకారానికైతే కొనుక్కోమను. పాట కోసమైతే నీ నల్లపెట్టె చాలు.

ఇక మోటారు సంగతి. దీని పని బలంగా తిప్పడం కాదు, ఒకే తీరుగా తిప్పడం. ఈ తేడా నీకు తలకెక్కితే మిగతాదంతా దానంతట అదే తెలుస్తుంది. ఎమిల్ బెర్లినర్ 1887లో గ్రామఫోనుకి పేటెంటు తీసుకున్నాడు కానీ, ఆయన మొదటి యంత్రాలని చేత్తో తిప్పాల్సి వచ్చేది. చేతి వేగం నిలకడగా ఉండదు కదా, పాట ఎక్కుతూ దిగుతూ వినపడేది. 1896లో అమెరికాలో కామ్డెన్ అనే ఊళ్లో మెకానిక్ షాపు నడిపే ఎల్డ్రిడ్జ్ జాన్సన్ దానికి స్ప్రింగు మోటారు కుదిర్చాక గానీ గ్రామఫోను ఆటబొమ్మ స్థాయి దాటలేదు. ఆ జాన్సనే తర్వాత 1901లో విక్టర్ కంపెనీ పెట్టాడు. నీ పెట్టెలో ఉన్నదానికీ ఆ మోటారుకీ మూలసూత్రం ఒకటే.

హ్యాండిలు తిప్పితే ఒక డ్రమ్ములో వెడల్పాటి ఉక్కు పట్టీ చుట్టుకుంటుంది. అదే స్ప్రింగు. అది విప్పుకుంటూ పళ్ల చక్రాలని తిప్పుతుంది, అవి పళ్లేన్ని తిప్పుతాయి. అంతవరకే అయితే కీ ఇచ్చిన కొత్తలో పళ్లెం పరుగులు పెట్టి, చివరికి నీరసపడుతుంది. అది జరగకుండా కాపలా కాసేది గవర్నరు. మోటారు తలకిందులు చేసి చూడు. సన్నటి ఇరుసు మీద మూడు చిన్న గుళ్లు, ఒక్కో గుండూ ఒక్కో పల్చటి స్ప్రింగు రేకు నడుమ బిగించి ఉంటాయి. రేకుల ఒక కొన ఇరుసుకి గట్టిగా బిగించి ఉంటుంది, రెండో కొన జరిగే బిళ్లకి. పళ్లెం ఒక్కసారి తిరిగేలోపు గవర్నరు ఎన్నోసార్లు తిరుగుతుంది. వేగం పెరిగితే గుళ్లు బయటికి విచ్చుకుంటాయి, రేకులు వంగి బిళ్లని లాగుతాయి, బిళ్ల వెళ్లి ఒక చిన్న తోలు ముక్కకి రాసుకుంటుంది. రాపిడికి వేగం తగ్గుతుంది. వేగం తగ్గితే గుళ్లు ముడుచుకుంటాయి, రాపిడి వదులవుతుంది. పైన నువ్వు తిప్పే వేగం మీట ఆ తోలు ముక్కని ముందుకీ వెనక్కీ జరుపుతుంది, అంతే. మూడు నిమిషాల పాటకి పళ్లెం 234 సార్లు తిరుగుతుంది. అంతసేపూ ఈ తగవు లోపల నడుస్తూనే ఉంటుంది. ఆ తగవు మనకి వినపడకుండా చెయ్యడమే సర్వీసింగు.

విప్పకముందు రోగం ఏమిటో కనుక్కో. ఆత్రపడి మరలు తియ్యకు. నీకు పనితనం ఉంది, ఓపికే తక్కువ.

రోగం కనుక్కోవడానికి హుషారైన సినిమా పాట వెయ్యకు. తాళం వేగంలో చిన్న చిన్న దోషాలు దాక్కుంటాయి. నాటకం పద్యం ఉన్న ప్లేటు వెయ్యి. మీ మామగారి కట్టలో కపిలవాయి రామనాథశాస్త్రి పద్యాలున్నాయన్నావుగా, అంతకన్నా మంచి పరీక్ష లేదు. పద్యం చివర రాగం తీసేచోట చెవి పెట్టు. కానీ గొంతుని కాదు, వెనక ఉన్న హార్మోనియాన్ని విను. పాడేవాడి గొంతులో గమకం ఉంటుంది, వణుకు ఉంటుంది, అది ఆయన విద్య. హార్మోనియం మెట్టు నొక్కి పట్టుకుంటే ఆ స్వరం అటూ ఇటూ కదలడానికి లేదు. అది అలలు అలలుగా వినపడిందంటే కదిలేది నీ మోటారే. అలా వణికితే గవర్నరు దగ్గర ఏదో ఉంది. మెల్లగా, పళ్లెం ఒక్కో చుట్టుకి ఒక్కసారి చొప్పున ఊగితే అది మోటారు తప్పు కాకపోవచ్చు. రికార్డు వంగి ఉంటుంది, లేదా నడిమి రంధ్రం పక్కకి జరిగి ఉంటుంది. ఇంకో రికార్డు వేసి చూడు. పాట నడుమ "దడ్" మని చప్పుడొచ్చి పళ్లెం ఒక్క కుదుపు కుదిపితే డ్రమ్ములో గ్రీజు ఎండిపోయిందన్నమాట. మొదట్లో బాగుండి చివరికి శ్రుతి దిగిపోతుంటే స్ప్రింగులో పస తగ్గడమో, చక్రాల ఇరుసుల్లో జిడ్డు బిగియడమో అయి ఉంటుంది.

ఇవన్నీ అనుకునే ముందు ఒక చిన్న పని. పళ్లెం ఎత్తి బ్రేకు తోలు చూడు. అది వదిలినా పూర్తిగా వెనక్కి పోకుండా పళ్లెం అంచుని సన్నగా రాసుకుంటూ ఉంటుంది, చాలా పెట్టెల్లో ఇదే జబ్బు. నన్ను పిలిపించి మోటారు విప్పించబోయిన వాళ్లలో కొందరికి బ్రేకు రేకు కాస్త వంచి ఇంటికొచ్చేశాను.

సరే, జబ్బు మోటారులోనే అని తేలింది అనుకుందాం. ముందుగా బ్రేకు వదిలి పళ్లేన్ని దానంతటది ఆగేదాకా తిరగనివ్వు. ఆగాక వేలితో ఇంకాస్త తిప్పి, లోపల నెట్టే బలమేదీ మిగల్లేదని రూఢి చేసుకో. ఈ ఒక్క మాట మాత్రం ఎంత తొందరలో ఉన్నా మరిచిపోకు. కీ ఉండగా గవర్నరు మరలు వదులు చేశావా, పట్టి ఉంచేవాడు పోయాక స్ప్రింగు బలమంతా ఒక్కసారి చక్రాల మీద పడుతుంది. పళ్లు రాలిపోతాయి. నడుమ వేలుంటే వేలికీ అదే గతి.

తర్వాత హ్యాండిలు వెనక్కి తిప్పి తీసెయ్యి. పళ్లేన్ని రెండు చేతులతో ఎదురెదురుగా పట్టుకుని నిలువుగా ఎత్తు, ఒక పక్క లాగితే నడిమి ఇరుసు వంగుతుంది. ఆ ఇరుసు వంగితే ఇక ఏ నూనే దాన్ని బాగుచెయ్యదు. మోటారు బిగించిన పలక చుట్టూ ఉన్న మరలు విప్పు. పలక రాకపోతే గుంజకు, ఎక్కడో ఒక మర మిగిలిపోయి ఉంటుంది. ప్రతి మెట్టులోనూ ఫోనులో ఫొటో తీసి పెట్టుకో. మాకు ఆ సౌకర్యం లేదు, సిగరెట్టు పెట్టె అట్ట మీద బొమ్మ గీసుకునేవాళ్లం. కోడిగుడ్ల అట్ట ఒకటి తెచ్చుకుని ఒక్కో గుంటలో ఒక్కో చోటి మరలు పొయ్యి. ఇవి పాత ఇంగ్లీషు మరలు. హార్డ్‌వేర్ కొట్లో దొరికే మిల్లీమీటరు మరలు పైకి సరిపోయినట్టే ఉండి లోపల చుట్లు కొరికేస్తాయి. ఒకటి పోయిందా, ఇల్లంతా ఊడ్చి వెతుక్కో తప్ప దగ్గర్లో ఉన్నది దూర్చకు. స్క్రూడ్రైవరు కొన మర గాడిలో నిండుగా కూర్చోవాలి. చిన్నదానితో తిప్పితే గాడి చెదిరి, తర్వాత నాలాంటి ముసలాడు చూసి తిట్టుకుంటాడు.

ఇప్పుడు కడుగుడు. నా మాట విని సమయమంతా ఇక్కడే పెట్టు. పాత జిడ్డు మీద కొత్త నూనె వేస్తే, ఆ నూనె జిడ్డులో ఉన్న దుమ్మునీ ఇత్తడి అరుగునీ తడిపి ముద్ద చేసి ఇరుసుల్లోకి పంపుతుంది. అప్పటిదాకా ఊరికే బిగుసుకుని ఉన్నది, ఇక అరగడం మొదలుపెడుతుంది. కిరసనాయిలు దొరికితే మంచిదే. ఈ రోజుల్లో దొరకడం కష్టం, పెయింటు కొట్లో టర్పెంటాయిలు తెచ్చుకో. పెట్రోలు వద్దు, వంటింటి పక్క బాల్కనీలో అసలే వద్దు. పాత పళ్ల బ్రష్షుతో చక్రాల పళ్లు, గవర్నరు ఇరుసు మీది మరచుట్లు రుద్దు. కొన్ని మోటార్లలో గవర్నరుని తిప్పే చక్రం ఫైబరుది ఉంటుంది. దాన్ని నానబెట్టకుండా గుడ్డతో తుడువు. తోలు ముక్కనీ తడపకు.

ఇరుసులు కూర్చునే రంధ్రాలు బ్రష్షుతో శుభ్రపడవు. వెదురు పుల్ల ఒకటి సన్నగా చెక్కి, ఆ రంధ్రంలో పెట్టి వేళ్ల మధ్య తిప్పి తీసి చూడు. కొన నల్లగా వస్తుంది. కొన మళ్లీ చెక్కి మళ్లీ తిప్పు. పుల్ల తెల్లగా బయటికొచ్చేదాకా అదే పని. గడియారాలు బాగుచేసేవాళ్లు చేసేది కూడా ఇదే. ఇనప సూది మాత్రం పెట్టకు, ఇత్తడి గీసుకుపోతుంది. నడిమి ఇరుసు పైకి లాగేటప్పుడు కింద గిన్నె పెట్టుకో. చాలా మోటార్లలో దాని అడుగున ఒక చిన్న ఉక్కు గుండు ఉంటుంది, పళ్లెం బరువంతా దాని మీదే. జిడ్డుకి అంటుకుని ఇరుసుతో పాటే పైకొచ్చి, నువ్వు చూడకుండా సోఫా కిందకి పోతుంది.

గవర్నరుని మాత్రం విడదియ్యొద్దు, ఉన్నది ఉన్నట్టు శుభ్రం చెయ్యి. మూడు రేకులూ వెలుతురుకి పట్టి చూడు. ఒకదానికి మర పక్కన వెంట్రుకంత చీలిక ఉన్నా పనికిరాదు. అలా ఉంటే ఒక్కటి మార్చడం కాదు, మూడూ ఒకే రకానివి మార్చాలి. లేకపోతే గుళ్ల ఎడంలో తేడా వచ్చి ఇరుసు కొట్టుకుంటుంది. రేకుల మరలు బిగువుగా ఉన్నాయో లేదో మెల్లగా చూడు. వదులైన ఒక్క మర వల్ల మోటారంతా జుయ్యిమంటుంది. వంగినట్టు కనపడ్డ రేకుని మీ ఆయన పటకారుతో సరిచేస్తానంటే చెయ్యి పట్టుకుని ఆపు.

గవర్నరు ఇరుసు రెండు చివర్లా ఉండే బుష్షుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే హార్మోనియం వణుకు చాలాసార్లు ఇక్కడే పుడుతుంది. వేలి కొనతో ఇరుసుని పొడుగువైపు నెట్టి చూడు. లీలగా కదలాలి, వేలికి తెలియాలి తప్ప కంటికి స్పష్టంగా కనపడకూడదు. అసలు కదలకపోతే బిగువుగా ఉంది, తిరగలేదు. టకటకమని కొట్టుకుంటే మరీ వదులు, మరచుట్ల మీద పళ్లు ముందుకీ వెనక్కీ ఆడతాయి, అదే నీ చెవికి వణుకు. బుష్షుని పట్టి ఉంచే చిన్న మర వదిలి బుష్షుని పిసరంత లోపలికి జరిపి మళ్లీ బిగించు. కొన్ని బుష్షుల రంధ్రం సరిగ్గా నడుమన ఉండదు, కావాలనే కాస్త పక్కకి వేస్తారు, బుష్షు తిప్పితే పళ్ల పట్టు ఎక్కువా తక్కువా అవడానికి. కాబట్టి విప్పక ముందే బుష్షు మీదా చట్రం మీదా కలిపి ఒక పెన్సిలు గీత గీసుకో. సరిగ్గా కుదిరాక గవర్నరుని వేలితో మీటితే చప్పుడు లేకుండా కాసేపు తిరిగి, మెల్లగా ఆగాలి. టక్కున ఆగితే ఇంకా ఎక్కడో పట్టుంది.

ఇప్పుడొచ్చింది నూనె వంతు. కుట్టు మిషను నూనె చాలు, పల్చగా తెల్లగా ఉండేది. సీసా ముక్కుతో పొయ్యకు. సూది కొనని నూనెలో ముంచి ఆ చుక్కని రంధ్రం అంచుకి తాకించు, అదే లోపలికి పీల్చుకుంటుంది. గవర్నరు బుష్షులకి అటొకటి ఇటొకటి, జరిగే బిళ్ల ఇరుసు మీద ఒకటి, మిగతా ఇరుసులకి తలా ఒకటి. తోలు ముక్కకి ఒక్క చుక్క వేసి ఇంకనివ్వు. అది ఎండిపోతే బిళ్ల కీచుమంటూ పట్టీ పట్టకుండా వదిలేస్తుంది, పాటకి వణుకొస్తుంది. మరీ రాయైపోతే పాత చెప్పు తోలు ముక్క కోసి పెట్టొచ్చు, లోపలి మెత్తటి వైపు బిళ్లకి తగిలేలా. పళ్ల చక్రాలకీ మరచుట్లకీ నూనె నిలవదు, అక్కడ పల్చటి గ్రీజు బ్రష్షు కొనతో రాయి. పళ్ల సందులు పూర్తిగా పూడిపోయేలా రాస్తే తిరుగుతూ నలువైపులా చిమ్ముతుంది. అడుగు గుండుకి ఆవగింజంత గ్రీజు. నూనె వేసిన చోటల్లా కొట్టొచ్చినట్టు కనపడుతుంటే ఎక్కువ వేశావని అర్థం, గుడ్డతో ఒత్తి తీసెయ్యి. ఎక్కువైన నూనె దుమ్ముని పిలుచుకొస్తుంది, హైదరాబాదులో దుమ్ముకి కొదవా?

మిగిలింది స్ప్రింగు డ్రమ్ము. ఇక్కడ నేను కాస్త గట్టిగానే చెప్తాను. దడ్ మన్న చప్పుడు లేకపోతే, డ్రమ్ము ముట్టుకోకు. శుభ్రం చేస్తున్న ఊపులో "ఇది కూడా చూసేద్దాం" అనిపిస్తుంది, ఆ బుద్ధి వచ్చినప్పుడు లేచి టీ పెట్టుకో. కీ అంతా దిగిపోయాక కూడా ఆ ఉక్కు పట్టీ డ్రమ్ములో ఒత్తిడి మీదే ఉంటుంది. మూత తీసి లోపలి కొన పట్టుకుని లాగితే పది అడుగులు దాటిన పట్టీ ఒక్క ఉదుటున బయటికి దూకుతుంది. దాని అంచులు కత్తికి తీసిపోవు. చప్పుడు ఉందనుకో, అప్పుడు తప్పదు. లోపల ఫ్యాక్టరీలో పెట్టిన గ్రాఫైటు గ్రీజు ఇన్నేళ్లకి ముదురుపాకంలా గట్టిపడి చుట్టుకీ చుట్టుకీ మధ్య అతుక్కుంటుంది. స్ప్రింగు జారాల్సిన చోట జారకుండా ఆగి ఆగి, ఒక్కసారి వదిలినప్పుడు వచ్చేదే ఆ చప్పుడు. పట్టీని తోలు తొడుగులు వేసుకున్న చేతులతో, డ్రమ్ముని గోనెగుడ్డలో పెట్టి, నడిమి నుంచి ఒక్కో చుట్టే వదులుతూ తియ్యాలి. కడిగి తుడిచి, గ్రీజు రాసి, మళ్లీ ఒక్కో చుట్టే ఎక్కించాలి. చెప్పడానికి మూడు ముక్కలు. చెయ్యడానికి ఇద్దరు మనుషులు, అందులో ఒకరికి ఇంతకుముందు చేసిన చెయ్యి ఉండాలి. నువ్వొక్కదానివీ చెయ్యకు, మీ ఆయన్ని చెయ్యనివ్వకు.

గ్రీజు గురించి ఒక మాట. పాత పుస్తకాల్లో వాసలీనులో గ్రాఫైటు పొడి కలపమని రాస్తారు. చల్లటి దేశాలకి అది సరిపోతుందేమో, మన మే నెలకి వాసలీను నీరుకారి డ్రమ్ములోంచి జారి, పెట్టె అడుగు చెక్క మీద నల్లటి మరక పెడుతుంది. అది చెక్కకి పట్టిందంటే వదలదు. లారీ బేరింగుల్లో కూరే దట్టమైన గ్రీజూ వద్దు, చలికాలం పొద్దున్నే పళ్లెం లేవడానికి మొరాయిస్తుంది. మాలిబ్డినం కలిసిన లిథియం గ్రీజు ఆటో స్పేరు పార్టుల కొట్లో చిన్న డబ్బా దొరుకుతుంది, అందులో పల్చటిది అడుగు. స్ప్రింగు పట్టీకి పొరగా రాస్తే చాలు, డ్రమ్ము నింపకూడదు.

అన్నీ బిగించాక వేగం సరిచూసుకో. రికార్డు కింద నుంచి ఒక కాగితం పీలిక అంచు బయటికి కనపడేలా పెట్టి, ముల్లు పాట మీద ఆనించి, ఫోనులో అర నిమిషం పెట్టుకుని లెక్కపెట్టు. 39 చుట్లు రావాలి. ముల్లు ఆనించకుండా లెక్కపెట్టి సంబరపడకు, ముల్లు బరువుకీ రాపిడికీ కొంత వేగం పోతుంది. పాట మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి చూడు, రెండు లెక్కలూ ఒకటిగా ఉండాలి. వేగం చూసే గీతల చక్రం దొరికితే ఇంకా సులువు. మన 50 సైకిళ్ల కరెంటుకి 77 గీతలున్నది కావాలి, పాత ఫిలమెంటు బల్బు కింద గీతలు నిలబడ్డట్టు కనపడితే వేగం సరిపోయినట్టే. ఎల్‌ఈడీ కింద చాలాసార్లు అది పనిచెయ్యదు. ఆ తర్వాత మళ్లీ ఆ పద్యమే వేసి హార్మోనియం విను. అంకెలు కుదిరినా చెవికి కుదరకపోతే చెవి మాటే నమ్ము.

వాడకంలో జాగ్రత్తలు పెద్దగా లేవు. హ్యాండిలు నిదానంగా తిప్పు, బిగువు తగలగానే ఆపెయ్యి. ఇంకొక్క చుట్టు పడుతుందేమో అని చూసే ఆ చుట్టులోనే స్ప్రింగులు తెగేది. నిండా కీ ఇచ్చి నెలల తరబడి అలా వదిలెయ్యకు, పాటలయ్యాక ఊరికే తిరిగి దిగిపోనియ్యి. పాటలు వెయ్యకపోయినా అప్పుడప్పుడూ ఖాళీ పళ్లెం కాసేపు తిప్పు, లేకపోతే నూనె ఒక మూలకి చేరి మిగతా చోటు ఎండుతుంది. ముల్లు మాత్రం పక్కకొకటి మార్చాల్సిందే. లక్కలో రాతిపొడి కలిపి అచ్చుపోసిన ప్లేట్లు అవి. మొదటి చుట్లలోనే ఉక్కు ముల్లుని అరగదీసి గాడికి సరిపోయేలా చేసుకుంటాయి. అరిగిన ముల్లుతో రెండో పక్క వేస్తే అది గాడిని కోస్తుంది. ఘంటసాల పుష్పవిలాపం ప్లేటు తెల్లగా గీతలు పడిపోయిందని బాధపడ్డావు కదా, ముళ్ల దగ్గర పిసినారితనం చూపించడం వల్లే అలా అవుతుంది. ఇంకోటి, ఇంట్లో ఉన్న ఎల్పీ రికార్డులు పొరపాటున కూడా దీని మీద వెయ్యకండి. వేగమూ వేరు, గాడీ వేరు. ఆ బరువుకి ఒక్కసారితో పాడైపోతాయి.

పెట్టె పైన మెరుగులు పెట్టాలని, నికెలు పూత వేయించాలని మీ ఆయన అంటున్నాడు. తడిగుడ్డ పిండి తుడిచి వదిలెయ్యమను. లోపలి రేకు మీద అంటించిన బంగారు రంగు కుక్క బొమ్మ బ్రాసో పెట్టి రుద్దితే నిమిషంలో లేచిపోతుంది.

ముల్లు బిగించే సౌండుబాక్సు జోలికి ఇప్పుడు వెళ్లకు. దాని వెనక ఉండే రబ్బరు ఈ వయసుకి గాజైపోయి ఉంటుంది, అక్కడి లోహం ఉబ్బి పగిలే రకం, బలవంతంగా తిప్పితే ముక్కలవుతుంది. సంక్రాంతికి వచ్చేటప్పుడు దాన్ని మాత్రం తీసి, మెత్తటి గుడ్డలో చుట్టి, స్టీలు డబ్బాలో పెట్టి తీసుకురా. రైల్లో సూట్‌కేసులో వెయ్యకు, చేతి సంచిలో పెట్టుకో. రబ్బరు గొట్టం, పల్చటి వాషర్లు నా దగ్గర ఉన్నాయి. డ్రమ్ము చప్పుడు చేస్తోందని తేలితే మోటారు కూడా పట్టుకొచ్చెయ్యి, ఆ పట్టీ ఒక కొన నేను పట్టుకుంటాను.

మామయ్య